క్రీ భాషలో బావను ఏమంటారంటే

మొన్న ఆదివారం పొద్దున, ఇక్కడ వారం మొదలయ్యే రోజు కాబట్టి, అల్ ఖోబర్‌లోని మా ఆఫీసుకు కాస్త ముందుగానే చేరుకుని, టీ కప్పుతో యార్డులోకి వచ్చేసరికి కనిపించిన దృశ్యానికి నాకు ఒళ్లు మండిపోయింది. కొత్తగా చేరిన సేఫ్టీ ఆఫీసరు, ముప్పయ్యేళ్లు కూడా నిండని మన తెలుగు అబ్బాయే, పనివాళ్లను రెండు వరసల్లో నిలబెట్టి జాగ్రత్తలు చెబుతున్నాడు. వెనక వరసలో ఉన్న ఒక వెల్డరు, నిజామాబాద్ వైపు మనిషి, ఏదో సందేహం వచ్చి తెలుగులో అడగబోయాడు. ఆ అబ్బాయి చెయ్యెత్తి ఆపి, ఇది మీ ఊరు కాదు, అడిగితే ఇంగ్లీషులో అడుగు, రాకపోతే నోరు మూసుకుని నిలబడు అని కసిరాడు. కసిరింది మాత్రం శుభ్రమైన తెలుగులో! చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ వెల్డరు కూడా నవ్వాడు, అలాంటప్పుడు నవ్వడం తప్ప ఇంకేం చేస్తాడు పాపం.

నేను ఊరుకోలేదు. అరవై దాటినవాణ్ని, పూటకో రక్తపోటు మాత్ర మింగేవాణ్ని, అయినా ఆ అబ్బాయిని పక్కకు పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాను. "అంకుల్, ఇది సేఫ్టీ విషయం, మీకు తెలియదు" అన్నాడు, ఎంతో మర్యాదగా. నాకు తెలియదట! ఆ సేఫ్టీ పేరు చెప్పి మా బావ ఉద్యోగాన్ని ఒక్క పూటలో ఎలా ఊడగొట్టారో, ఆ పూట ఆ గదిలో కూర్చుని నేనేం వెలగబెట్టానో ఆ అబ్బాయికేం తెలుసు. అతనికే కాదు, ఇన్నేళ్లుగా నేనెవరికీ చెప్పలేదు. గల్ఫులో ఎండకు ఎండి, నా వయసుకు వచ్చిన మీలాంటివాళ్లకైతే చెప్పవచ్చు, మీకు ఆ గదులూ ఆ మనుషులూ తెలుసు కనుక.

మా బావ అంటే మా అక్క మొగుడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. మాది జగిత్యాల వైపు పల్లె. అయిదో తరగతితో బడి మానేసి, బావులు తవ్వే ముఠాలో పనిచేసి, ఆ తర్వాత సౌదీకి వచ్చి నిలదొక్కుకున్నాడు. నేను డిగ్రీ పాసై ఊళ్లో పత్రికలు చదువుతూ తిరుగుతుంటే నాకు వీసా చూసి పిలిపించుకున్నదీ ఆయనే. ఖతీఫ్ దాటాక సముద్రం వైపున కడుతున్న ఒక గ్యాస్ ప్లాంటులో ఆయన రిగ్గరు, నేను సైటాఫీసులో గుమాస్తా. రిగ్గరంటే, క్రేను ఎత్తే బరువులకు బెల్టులూ గొలుసులూ తగిలించి, పైన క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటరుకు చేతులతో సైగలు చేసి, రేడియోలో మాట చెప్పి, ఏనుగంత ఇనుప డ్రమ్మును కూడా చెప్పిన చోట చప్పుడు కాకుండా దింపించేవాడు. నాకు చల్లటి గది, ఆయనకు యాభై డిగ్రీల ఎండ. అయినా సాయంత్రం ఎదురుపడితే నా చదువు గురించి నలుగురికీ గొప్పగా చెప్పేది ఆయనే, సిగ్గుపడాల్సిన నేను ఛాతీ విరుచుకునేవాణ్ని.

మా బావ పనిచేసే రిగ్గర్ల ముఠాకు ఒక ఏడాది కొత్త ఫోర్మన్ వచ్చాడు. కెనడా మనిషి అనగానే తెల్లదొర దిగుతాడనుకున్నాం. దిగినాయన మనలాగే చామనచాయగా ఉన్నాడు. ఎత్తయిన చెంప ఎముకలు, వెనక్కి దువ్వి రబ్బరు బ్యాండు వేసుకున్న నల్లటి జుట్టు, యాభై దాటిన వయసు, ఎప్పుడూ కిందికి చూస్తూ మాట్లాడే అలవాటు. మెస్‌లో వంటవాడు ఫిలిప్పినో అనుకున్నాడు. గేటు దగ్గర కాపలావాడు పాస్‌పోర్టు రెండుసార్లు తిరగేసి, మనిషిని చూసి మళ్లీ తిరగేశాడు. ఆయన క్రీ అనే జాతివాడు. ఆ దేశంలోకి తెల్లవాళ్లు రాకముందు నుంచీ అక్కడున్నవాళ్లు. దొరలుండే క్యాంపులో ఆయనకు మంచి గది ఇచ్చారు గానీ, అక్కడి భోజనాల బల్ల దగ్గర ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేదని ఆ మెస్‌లో వడ్డించే కేరళ మనిషి నాతో చెప్పాడు.

మాకూ ఆయనకూ స్నేహం కుదిరింది మాంసం దగ్గర. బక్రీదు పండుగకు మా కఫీలు, అంటే మా వీసాల యజమాని, క్యాంపుకు లెక్కలేనన్ని గొర్రెల మాంసం పంపేవాడు. అంతా ఒక్కసారి తినలేం, ఫ్రిజ్‌లో చోటుండదు. అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, గదుల వెనక బట్టలారేసే తాడు మీద దండల్లా వేలాడదీసేవాళ్లు. ఆ ఎండకు రెండు రోజుల్లో ఒట్టితునకలు తయారు. పక్క గదుల ఉత్తరాదివాళ్లు ముక్కు మూసుకుని పోయేవాళ్లు, క్యాంపు బాస్ వచ్చి తిట్టేవాడు. ఆ ఏడు ఏదో కాగితం మీద సంతకం కోసం అటు వచ్చిన ఫోర్మన్ ఆ తాడు దగ్గర ఆగిపోయాడు. తిడతాడనుకుని మా బావ గబగబా చొక్కాలు అడ్డం వేయబోయాడు. ఆయన మాత్రం ఒక తునకను రెండు వేళ్లతో తాకి, వాసన చూసి, "కాకేవక్" అన్నాడు. ఎండిన మాంసాన్ని వాళ్ల భాషలో అలా అంటారట. వాళ్ల నాయనమ్మ దుప్పి మాంసాన్ని అచ్చం అలాగే తాడు మీద ఆరబెట్టేదట. నేను మధ్యలో ఉండి అటూ ఇటూ తర్జుమా చేశాను. ఆ సాయంత్రం ఆయన మా గదిలో కింద చాప మీద కూర్చుని, ఒట్టితునకల కూరతో అన్నం తిని, కారానికి కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ పెట్టించుకున్నాడు.

తింటూ తింటూ నన్నూ మా బావనూ చూపించి మీరిద్దరూ ఏమవుతారని అడిగాడు. నేను బ్రదరిన్‌లా అన్నాను. అంతటితో ఆగకుండా, అది సరైన మాట కాదండీ, మాకు బావ అంటే అక్క మొగుడూ బావే, మేనత్త కొడుకూ బావే, సరసాలాడుకునే వరస అని వివరించబోయాను. ఇంగ్లీషువాడికి ఈ సంగతి చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకు తెలుసు. ఆయన మాత్రం అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని నన్ను అలాగే చూశాడు. "నీస్తావ్" అన్నాడు. మగవాడికి మేనత్త కొడుకూ, మేనమామ కొడుకూ, బావా, బావమరిదీ అందరూ వాళ్ల భాషలో నీస్తావేనట, వాళ్లూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటారట. మేనత్తనూ పిల్లనిచ్చిన అత్తనూ ఒకే మాటతో నిసికోస్ అంటారట. మేనమామా, పిల్లనిచ్చిన మామా ఇద్దరూ నిసిస్. తల్లి చెల్లెలు వాళ్లకూ చిన్నమ్మే, ఆ మాటలో అమ్మ అన్న మాటే ఉందట. ఇంత పెద్ద భూమ్మీద ఎక్కడో మంచులో పుట్టినాయనకు మన అత్తా మామా వరసలు ఇంగ్లీషు కంటే తేలిగ్గా అర్థమయ్యాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ రోజు నుంచి ఆయన మా బావను పేరు పెట్టి పిలవలేదు. నీస్తావ్ అనే పిలిచేవాడు. మా బావ కూడా ఆయన్ను అలాగే పిలిచేవాడు, సార్ అనడం మానేశాడు.

ఇక మాటల మీద మాటలు వచ్చాయి. టీ వేళల్లో ఆయన చెప్పేవాడు, మావాళ్లు పలికేవాళ్లు, నేను టైంషీట్ల వెనక తెలుగు అక్షరాల్లో రాసి గోడకు అంటించేవాణ్ని. రా అనడానికి అస్తమ్. నీళ్లకు నిపియ్. లేదు, కాదు అనడానికి నమోయ. పోనీలే అనడానికి కియామ్. టీకి మస్కికివాపోయ్ అని చేంతాడంత మాట, విడదీస్తే మందునీళ్లు అని అర్థం. మా మెస్‌లో ఇచ్చే టీకి ఆ పేరే సరైనదని అందరం ఒప్పుకున్నాం. నెల తిరిగేసరికి ఆ మాటలు గది దాటి పనిలోకి వెళ్లాయి. ఎత్తమని చెప్పాలంటే ఇస్పిమిక్, అంటే పైకి. మెల్లగా, జాగ్రత్తగా అనడానికి పేయాతిక్. ఆపు అనడానికి కిపిచీ. పనైపోయింది, ఇక చాలు అనడానికి ఏకోసి. క్రేను ఆపరేటరు హైదరాబాదు పాతబస్తీ మనిషి, ఆయనకూ ఈ ఆట నచ్చి వాటన్నిటినీ ఉర్దూ యాసలో పలికేవాడు. ఆ రేడియోలో వాళ్ల ముఠా ఎనిమిది మంది తప్ప వేరేవాళ్లుండరు. మూడేళ్లలో ఒక్కరి చిటికెన వేలు కూడా నలగలేదు. పక్క ముఠాల్లో, అంతా ఇంగ్లీషే మాట్లాడే ముఠాల్లో, ఏమేం నలిగాయో నా ఫైళ్లలో ఉండేవి.

నేను మాత్రం ఇందులో ఒక చిల్లర పని చేశాను. ముఠావాళ్లు ఆ మాటలు పలుకుతుంటే, కెనడాలో ఇంగ్లీషు ఇలాగే ఉంటుందని చెప్పాను. వాళ్లు తలూపారు. పాపం నమ్మేశారు అని నేను నా గదివాళ్లతో చెప్పి కడుపుబ్బ నవ్వుకునేవాణ్ని. చదువుకున్నవాణ్ని కదా, ఆ మాత్రం వినోదం నాకు హక్కనుకున్నాను. మూడేళ్లు ఆ నవ్వు సాగింది.

ఫోర్మన్ తన సంగతి మాతో ఒక్కసారే చెప్పాడు. వాళ్ల కాలంలో పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి దూరంగా హాస్టలు బళ్లలో పెట్టేవాళ్లట. అక్కడ సొంత భాషలో నోరు తెరిస్తే కొట్టేవాళ్లట. ఏడెనిమిదేళ్లు అలా గడిచి ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ చెప్పేది తనకు అర్థం కాలేదట. మళ్లీ ఆమె దగ్గరే కూర్చుని, చిన్నపిల్లాడిలా నీళ్లను నీళ్లనడం దగ్గర నుంచి నేర్చుకున్నాడట. ఆమె పోయాక రోజూ మాట్లాడటానికి ఎవరూ లేకపోయారు. ఈ ఎడారిలో ఏడుగురు మనుషులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాయనమ్మ మాటలు మాట్లాడుతుంటే వినడానికి బాగుందని, చేతులు చూసుకుంటూ చెప్పాడు. చిన్నపిల్లల్ని మాట్లాడినందుకు కొట్టేవాళ్లు కూడా చదువు చెప్పేవాళ్లేనా అని నాకు రెండు రోజులు కోపం తగ్గలేదు. నా కోపం విలువెంతో తర్వాత తెలిసింది.

నాలుగో ఏడు మొదట్లో ప్లాంటు యజమానుల నుంచి ఒక కాగితం వచ్చింది. రిగ్గర్లందరూ పరీక్ష పాసై కార్డు తీసుకోవాలి, కార్డు లేనివాడు బరువు దగ్గరికి రాకూడదు. రూలు మంచిదే, నేను కాదనను. ఎవరుబడితే వాళ్లు బెల్టు కడితే ప్రాణాలు పోతాయి. కానీ అందులోనే ఇంకొక మెలిక ఉంది. ఫెయిలైనవాడికి మూడు నెలల దాకా మళ్లీ పరీక్ష లేదు, రిగ్గరు వీసా మీద వచ్చి రిగ్గరు పని చేయలేనివాణ్ని అన్నాళ్లు కూర్చోబెట్టి మేపే కంపెనీ మాది కాదు, ఎగ్జిట్ కొట్టి విమానమెక్కిస్తుంది. మా బావకు ఆ కాగితం చదివి వినిపించింది నేనే. పదకొండేళ్లుగా ఈ పనే కదా, దానికేముంది అన్నాడాయన.

పరీక్ష పెట్టడానికి వచ్చిన అధికారిది ఏ దేశమో చెప్పను, చెబితే ఆ దేశంవాళ్లందరూ అలాంటివాళ్లే అనుకుంటారు. మా సైటాఫీసు పక్క గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. తర్జుమాకు నన్ను పెట్టారు. ఫోర్మన్‌ను వెనక కుర్చీలో కూర్చుని చూడవచ్చు, మాట్లాడకూడదు అన్నారు. అందరికంటే ముందు మా బావ వెళ్లాడు, ఆ ముఠాలో పెద్దవాడు గనక. బెల్టులు నాలుగు చూపించి ఏది పనికిరాదంటే, అంచు చిరిగినదాన్ని కళ్లు మూసుకుని వేలితో తడిమి తీసి పక్కన పడేశాడు. చేతి సైగలు ఒక్కొక్కటీ అడిగితే అద్దంలో చూసుకున్నట్టు చేసి చూపించాడు. అధికారి కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. చివర నోటి మాటలు మిగిలాయి. బరువు వెంటనే ఆగాలి, రేడియోలో ఏమంటావ్ అని అడిగాడు.

మా బావ కిపిచీ అన్నాడు.

అధికారి తలెత్తి చూశాడు. మళ్లీ చెప్పించుకుని, పడీపడీ నవ్వాడు. పక్కన టిక్కులు పెట్టే సహాయకుడు కూడా నవ్వాడు. మెల్లగా దించాలంటే ఏమంటావని అడిగాడు. పేయాతిక్. పైకెత్తాలంటే? ఇస్పిమిక్. పనైపోతే? ఏకోసి. నవ్వు ఎక్కువైపోయి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఏమిటీ కూతలు, మనుషుల భాషేనా ఇది అని అడిగాడు.

నాకు తెలుసు. ఆ గదిలో జవాబు చెప్పగలవాణ్ని, చెప్పాల్సినవాణ్ని నేనే. సార్, ఇది క్రీ అనే భాష, వీళ్ల ఫోర్మన్ తల్లిదండ్రుల భాష, ఈ ఎనిమిది మందీ మూడేళ్లుగా ఈ మాటలతోనే ఒక్క ప్రమాదం లేకుండా పనిచేస్తున్నారు, కావాలంటే బయటికి రండి, క్రేను దగ్గర చూపిస్తాం అని చెప్పి ఉండాల్సింది. ఆ వాక్యాలన్నీ ఇంగ్లీషులో నాకు వచ్చు. కానీ ఆయన నవ్వుతుంటే, ఆయన వైపు మనిషిగా కనిపించాలనిపించింది నాకు. నేనూ కాస్త నవ్వి, చదువుకోనివాళ్లు సార్, ఇదే ఇంగ్లీషనుకుంటున్నారు అని ఇంగ్లీషులో చెప్పాను.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఫోర్మన్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ కిందికి చూసే మనిషి ఆ అధికారి మొహంలోకి చూస్తూ, అది నా భాష, నవ్వింది చాలు, బయట క్రేను ఉంది, బరువు ఉంది, వచ్చి పరీక్ష పెట్టు అన్నాడు. గొంతు పెంచలేదు. అధికారి ఫారం చూపించాడు. ఇందులో ఇంగ్లీషు, అరబీ అని రెండే గళ్లున్నాయి, మూడో గడి లేదు అని, ఎర్ర పెన్నుతో ఫెయిల్ అని రాశాడు. ఫోర్మన్ ఇంకేదో అనబోతుంటే మా బావ వెనక్కి తిరిగి "కియామ్, నీస్తావ్" అని, పరీక్ష పెట్టినాయనకు కూడా సలాం చేసి బయటికి నడిచాడు. నా వైపు చూడలేదు. అవమానంతో తల తిరిగిందేమో అనుకున్నాను.

మిగిలినవాళ్ల పరీక్ష భోజనాల తర్వాత. ఆ గంటలో నేను వాళ్లను కూర్చోబెట్టి స్టాప్, స్లో, అప్, డౌన్, ఫినిష్ అని అయిదు మాటలు వల్లె వేయించాను. అందరూ పాసయ్యారు. నేనే పాస్ చేయించానని లోలోపల పొంగిపోయాను కూడా. ఒక్క గంట పని! ఆ ఒక్క గంట మా బావకు ఇవ్వండని ఫోర్మన్ ఎక్కని గడప లేదు, రాయని కాగితం లేదు. మూడు నెలల తర్వాత రమ్మన్నారు. రూలు రూలేనట. పదకొండేళ్ల పనికి, చిరిగిన బెల్టును చూడకుండా పట్టుకోగల ఆ వేలికి ఏ గడీ లేదు గానీ, అయిదు మాటలకు రెండు గళ్లున్నాయి. నెల తిరగకుండానే ఎగ్జిట్ కొట్టారు. మా బావ దమ్మాం విమానాశ్రయానికి కంపెనీ వ్యానులో వెళ్తుంటే ఫోర్మన్ సెలవు పెట్టి పక్కన కూర్చుని వెళ్లాడు. నాకు ఆఫీసులో పనుంది. పని లేకపోయినా వెళ్లేవాణ్ని కాదేమో. ఫోర్మన్ కూడా కాంట్రాక్టు ముగియగానే పొడిగింపు వద్దని వెళ్లిపోయాడు. పోయే ముందు నాతో చేయి కలిపాడు గానీ, ఆయన భాషలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాత సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడల్లా బావతో అన్నీ మాట్లాడేవాణ్ని, ఆ రోజు సంగతి తప్ప. ఆయన ఊళ్లో బోరుబావుల మోటార్లు పైకి తీసే ముఠా పెట్టుకున్నాడు. మోటారు కాలిపోతే మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, గొలుసు కప్పీతో పైపులన్నీ ఒక్కొక్కటిగా లాగి, బాగుచేయించి మళ్లీ దించే పని. పోయినేడు ఎండాకాలంలో ఊళ్లో ఉన్నప్పుడు అక్క చద్దన్నం టిఫిను కట్టిచ్చి పొలానికి పంపింది. దూరం నుంచే గొంతులు వినిపించాయి. ఇరవై, పాతికేళ్ల కుర్రాళ్లు నలుగురు గొలుసు లాగుతూ ఇస్పిమిక్, ఇస్పిమిక్ అంటున్నారు. పైపు జాయింటు బయటికి రాగానే ఒకడు కిపిచీ అని అరిచాడు, అందరి చేతులూ ఒక్కసారిగా ఆగాయి. నేను టిఫిను పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయాను. ఆ చేను ఆసామి నాకేదో గొప్ప సంగతి చెబుతున్నట్టు, "మీ బావ సౌదీ ఇంగ్లీషు నేర్పిండు పోరగాండ్లకు" అన్నాడు.

ఇక దాచుకోలేకపోయాను. అన్నం తింటున్న బావ పక్కన కూర్చుని, బావా, అది ఇంగ్లీషు కాదు, ఆ రోజే నీకు చెప్పి ఉండాల్సింది, నాకు మొదటి నుంచీ తెలుసు అని మొదలుపెట్టాను. ఆయన ఉల్లిగడ్డ కొరుక్కుంటూ నవ్వాడు.

"అది ఇంగ్లీష్ గాదని మాకెర్క లేదా బామ్మర్దీ? ఒట్టితునకల కాడ్నే చెప్పె గదా ఆయన, మా నాయనమ్మ మాటలని. నువ్వు కెనడా ఇంగ్లీష్ అని చెప్పుకుంట లోపల్లోపల నవ్వుకుంటుంటివి. పోనీ, కుషీగున్నడు గదా అని మేం గూడ తలకాయ ఊపినం."

 మరి ఆ రోజు పరీక్షలో ఎందుకలా చెప్పావని ఎలాగో అడిగాను.

"మొదటి మాట అలవాట్ల వచ్చింది. వాడు నవ్విండు. నేనప్పుడు ఎనకకు తిరిగి నీస్తావ్ మొకం జూసిన. చిన్నప్పుడు బడిల కొట్టిన్రని చెప్పిండు గదా, గట్లనే అయ్యింది ఆ మొకం. ఇగ తర్వాత అడిగినయన్ని కావాలనే జెప్పిన. స్టాప్, స్లో, అప్, డౌన్ — పదకొండేండ్లు చేసినోనికి గివి రావా? మావోళ్లకు రావా? నువ్వు ఉత్తగనే గంట సేపు చదివిచ్చినవ్. ఆయన ఎనకనే కూసున్నడు. ఆయన ముంగట ఆయన మాటలు మాటలే గావన్నట్టు నేనెట్ల మార్చి చెప్త?"

ఎగ్జిట్ కొడతారని తెలిసి కూడానా అన్నాను. ఎర్కే అన్నాడు. మీ అక్క నెల రోజులు తిట్టిందని కూడా చెప్పాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ, కళ్లు గొలుసు మీదే పెట్టి, "నువ్వు వానితోని ఏమన్నవో గూడ సమజైంది నాకు" అన్నాడు. కోపంగా అనలేదు. అని, లేచి పని దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు సైట్లలో చాలా మారింది. కార్డుల మీద ఫోటోలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మూడు నెలలకోసారి మారిపోయే ముఠాలు. పక్కవాడి ఇంట్లో అత్తను ఏమని పిలుస్తారో అడిగేంత తీరిక ఎవరికీ లేదు, తాడు మీద మాంసం ఆరబెడితే జరిమానా వేస్తారు. ఫోర్మన్ ఉన్నాడో లేడో తెలియదు. ఆయన భాషలో ఇరవై, పాతిక మాటలు నాకింకా గుర్తున్నాయి, చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు. నవ్విన అధికారి మీద, రెండు గళ్ల ఫారం మీద, పిల్లల్ని కొట్టిన ఆ బళ్ల మీద నాకు కోపం ఇంకా అలాగే ఉంది, ఉండాలి కూడా. కానీ వాళ్లెవరూ మా అక్క చేతి అన్నం తిన్నవాళ్లు కాదు. ఆ గదిలో ఆ రోజు మంచి ఇంగ్లీషు వచ్చిన మనవాణ్ని నేనొక్కణ్నే, నన్ను ఈ దేశానికి తెచ్చిన మనిషి చదువుకోనివాడని చెప్పడానికి దాన్ని వాడుకున్నాను.